ప్రజాసంఖ్య పుస్తకములో పాలేరు ఇల్లు

మన ప్రభువు జననమును చెప్పబోవుచు లూకా ఒక ప్రభుత్వపు లెక్కతో ఆరంభించెను. రోమా చక్రవర్తికి కావలసినది పన్నులకు పనికివచ్చు పట్టిక. ఆ పట్టిక నిమిత్తము నిండు చూలాలైన ఒక పల్లెటూరి స్త్రీ కొండదారిని బయలుదేరవలసి వచ్చెను. పట్టిక ఎన్నడో మట్టిలో కలిసెను. ఆమె ప్రయాణము మాత్రము మనము నేటికిని చదువుచున్నాము.

ఈ నెల నేను మీ ముందుంచదలచినది అంతకంటె చాల దగ్గరి కాలపు లెక్క. విక్టోరియా రాణి ఏలుబడిలో (1837–1901) స్కాట్లండు దేశములో పదేండ్లకొకసారి వ్రాయించిన జనాభా పుస్తకములు నేటికిని ఎడింబరోలోని జాతీయ పత్రశాలలో భద్రముగా ఉన్నవి. వాటిలో జమీందారులు, వర్తకులు, పాదిరిగార్లు అందరు కలరు. కాని నేను మిమ్మును తీసికొనిపోవునది వారి లోగిళ్లలోనికి కాదు. ఇతరుల పొలములో గుర్రపు నాగలి దున్ని, జీతమునకును గింజలకును బ్రతికిన పాలేరు ఇంటిలోనికి. ఆ ఇంటి తలుపు చాల పొట్టిది. తల వంచి రండి.

మొదట ఆ పుస్తకములు ఎట్టివో చెప్పవలెను. బ్రిటను దేశమంతట ఇంటింటి వారిని పేరుపేరున వ్రాసి ఆ పుస్తకములను నిలిపి ఉంచుట 1841 జూను 6వ తేదీ రాత్రి లెక్కతో మొదలాయెను. ఆ రాత్రి ఏ కప్పు క్రింద ఎవరు పడుకొనిరో వారిని ఆ ఇంటివారిగా వ్రాసిరి. అనేక గ్రామములలో లెక్క వ్రాసినవాడు ఊరి బడిపంతులే. మొదటి లెక్క తొందర లెక్క. పదునైదేండ్లు దాటినవారి వయస్సును అయిదుకు దించి వ్రాయుమని ఆజ్ఞ. ముప్పది యెనిమిదేండ్ల దున్నువాడు ముప్పదియైదేండ్లవాడాయెను. ఎవరికెవరు ఏమగుదురో అడుగలేదు. ఆ కౌంటీలోనే పుట్టెనా లేదా అని మాత్రము అడిగిరి. 1851 మార్చి 30వ తేదీ లెక్కకు వచ్చుసరికి పట్టిక వివరమాయెను. ఇంటి యజమాని ఎవరు, తక్కినవారు అతనికి ఏమగుదురు, వయస్సెంత, వృత్తి యేమి, ఏ పారిషులో పుట్టెను? ఈ ప్రశ్నలే నేటి చదువరికి తాళపుచెవులు. పారిషు అనగా ఒక దేవాలయమునకు చెందిన గ్రామముల కూడిక అని జ్ఞాపకముంచుకొనుడు.

ఇప్పుడొక ఇల్లు చూతము. లెక్కల పుస్తకము కంటె ముందటి ఇల్లు ఇది. కాని దీనిని చూడనిదే ఆ పుస్తకములోని ఒక విచిత్రమైన గడి మనకు బోధపడదు.

అలెగ్జాండరు సోమర్విల్లు 1811లో తూర్పు లోథియనులోని ఓల్డుహామ్‌స్టాక్సు పారిషులో, స్ప్రింగ్‌ఫీల్డు అను పల్లెలో, పొలపు కూలివాని ఇంట పదునొకండవ బిడ్డగా పుట్టెను. అతడు పెద్దవాడై పట్టాళములో చేరి, 1832లో ఒక పత్రికకు ఉత్తరము వ్రాసినందుకు నూరు కొరడా దెబ్బలు తిని, తుదకు రచయిత ఆయెను. 1848లో తన జీవితకథను అచ్చువేయించెను. అందులో తన తలిదండ్రుల ఇంటిని వర్ణించెను. సుమారు పండ్రెండడుగులు, పదునాలుగడుగులు ఉన్న ఒకే గది. మట్టి నేల. పైన పెంకు తప్ప అటక లేదు. నిటారుగా నిలిచి లోనికి పోవుటకు గోడ ఎత్తు చాలదు. ఇంటికి కిటికీ లేదు. అందుచేత ఆ దంపతులు ఒక చిన్న అద్దపు పలకను స్వంతముగా సంపాదించుకొనిరి. ఒక ఆసామి పొలము విడిచి మరియొక ఆసామి పొలమునకు పోవునప్పుడెల్ల మంచము, కుండలతోపాటు ఆ కిటికీని కూడ ఊడదీసికొని మోసికొనిపోయి క్రొత్త గోడకు అమర్చుకొనుచుండిరి.

చదువరీ, క్షణమాగి ఆలోచింపుము. మనలో బీదవారు కుండ మోసికొనిపోయినారు, మంచము మోసికొనిపోయినారు. వెలుతురును మోసికొని ఊరూరు తిరిగిన కుటుంబమును గూర్చి ఎన్నడైన వింటివా? వీరు సంఘ క్రమశిక్షణను మిక్కిలి గట్టిగా పాటించిన ఒక వేర్పాటు సంఘమునకు చెందినవారు. ఇంటిలో లేఖన పఠనము, ప్రార్థన తప్పనివారు. ఆ ఒక్క అద్దపు పలక వెలుతురు పడినది వారి పరిశుద్ధ గ్రంథము మీదనే యని నేను తలంచుకొందును.

అర్ధశతాబ్దము గడచినను ఆ కిటికీ మాట పోలేదు. 1861 ఏప్రిలు 7వ తేదీ లెక్క ఎడింబరోలోని రిజిష్ట్రారు జనరలుగారి చేతి మీదుగా జరిగిన మొదటి లెక్క. స్కాట్లండు పట్టికలో అప్పుడొక క్రొత్త గడి చేర్చిరి: ఈ ఇంటిలో కిటికీగల గదులెన్ని? అంతకు కొన్ని యేండ్ల ముందునుండి ఫ్రీ చర్చి కాపరియైన జేమ్సు బెగ్గుగారు, మరికొందరు దైవజనులు, పనివారి ఇండ్లను గూర్చి సంఘ మహాసభలో గొంతెత్తి మాటలాడుచుండిరి. ఇరుకుగదిలో ఆడ, మగ, పిల్ల, పెద్ద పొర్లుచుండగా వారికి నీతి బోధించుట ఎట్లని వారి ప్రశ్న. గడికి జవాబు వచ్చినది. దేశములోని 6,66,786 కుటుంబములలో 2,26,723 కుటుంబములు ఒకే గదిలో కాపురముండెను. అనగా మూడింట ఒక వంతు కంటె ఎక్కువ. 7,964 ఇండ్లకు కిటికీయే లేదు. సున్న అని వ్రాయవలసి వచ్చిన లెక్కదారుడు కలమును ఆ గడిలో పెట్టునప్పుడు ఏమనుకొనెనో! బెగ్గుగారి సిద్ధాంతములన్నిటితోను నేను ఏకీభవింపను. ఆయన చాల విషయములలో మొండివాడు. కాని బీదవాని పాపమును లెక్కించుటకు ముందు వాని కిటికీలను లెక్కింపవలెనని తెలిసిన పాదిరి ఆయన.

ఇక పాలేరు బ్రతుకు ఎట్లుండెడిది? ఏటికి రెండు గడువులు. మే నెలలో విట్సండే, నవంబరులో మార్టిన్మస్సు. పెండ్లికాని పనివాడు ఆరునెలలకు, పెండ్లియైనవాడు సంవత్సరమునకు కుదురుకొనును. గడువు సమీపించినప్పుడు దగ్గరి పట్టణములో కూలి సంత జరుగును. వీధిలో నిలుచున్న పనివాని చేతులు, భుజములు చూచి ఆసామి బేరమాడి, అరచేతిలో ఒక షిల్లింగు బయానా పెట్టును. ఆ నాణెము పుచ్చుకొన్న తరువాత మాట తప్పరాదు. జీతములో కొంత రొక్కము, కొంత గింజలు. చాల తావులలో దున్నువానికి ఏటికి 6½ బోల్లుల ఓట్సు పిండి ముట్టుచుండెను. బోల్లు 140 పౌనులు గనుక వారమునకు 17½ పౌనులు పడును. దానితో అంబలి, రొట్టె. వీటితోపాటు కొంత పాలు, కొన్ని బంగాళాదుంపల సాళ్లు. బొగ్గు తోలుకొనుటకు ఆసామి బండి. మాంసము అరుదు.

జనాభా లెక్క మార్చి చివరనో ఏప్రిలు మొదటనో జరిగినదని చూచితిమి. అనగా మే గడువుకు ఆరేడు వారములు ముందు. లెక్కదారుడు ఆ ఇంటి వివరములు వ్రాసికొని పోయిన కొలది దినములకే ఆ కుటుంబము సామానెత్తుకొని వేరొక పారిషునకు పోవుట తరచు జరుగుచుండెను. పదేండ్ల తరువాతి పుస్తకములో ఆ పల్లెను తీసిచూచిన, ఆ ఇంటి పేరు అదే, వరుస అదే, మనుష్యులు వేరు. ఆ కుటుంబమెక్కడ? వెదకవలెను. వెదకుటకు దారి చూపునది పిల్లలు. పట్టికలో పుట్టిన పారిషు గడి ఉన్నది గదా! పెద్దపిల్ల ఒక పారిషులో, రెండవవాడు ప్రక్క పారిషులో, మూడవవాడు నది దాటి మరియొక పారిషులో, చంటిబిడ్డ ఈ ఊరిలో. ఆ గడిని పైనుండి క్రిందికి చదివిన, ఆ తండ్రి ఎన్ని సంతలలో నిలిచెనో, ఆ తల్లి ఎన్ని ఇండ్లలో ప్రసవించెనో తెలియుచున్నది. తండ్రి తన యాత్రలను ఎన్నడును వ్రాసికొనలేదు. బిడ్డలే అతని యాత్రల పుస్తకము.

ఈ వరుసలో మరియొక సంగతి కంటికి తగులును. పెద్దపిల్లకు తొమ్మిదేండ్లు, తరువాతివానికి ఏడు, ఆ తరువాత మూడు. ఏడుకును మూడుకును నడుమ నాలుగేండ్ల ఎడము. చదువుట నేర్చినవారు అచ్చట ఆగుదురు. 1851 లెక్కకు తరువాత పుట్టి 1861 లెక్కకు ముందే చనిపోయిన బిడ్డ ఏ జనాభా పుస్తకములోను ఉండదు. ప్రభుత్వపు కన్ను పదేండ్లకొకసారి తెరచుకొనునప్పటికి ఆ బిడ్డ వచ్చి పోయెను. 1855 నుండి మొదలైన జనన మరణముల రిజిష్టరులోనే ఆ చిన్న పేరు రెండుమార్లు దొరకును, ఒకదానికొకటి మిక్కిలి దగ్గరగా.

స్త్రీలను ఎట్లు వ్రాసిరో చూడుడు. భార్య వృత్తి గడిలో పలుమార్లు ‘పొలపు కూలి భార్య’ అని వ్రాసి ఊరకుండిరి. ఆ భార్య వేకువనే ఆవు పిదికి, టర్నిప్పు దుంపల చేలో కలుపు తీసి, కోతలలో పనలు కట్టి, రాత్రి ఉన్ని వడకిన స్త్రీ. ఆమె పని ఆమె భర్త పేరు క్రింద దాగిపోయెను. ఇంకను విచిత్రమైనది ఆగ్నేయ కౌంటీల మాట. బెర్విక్‌షైరు, లోథియను సీమలలో దున్నువాడు తాను కుదురుకొనునప్పుడు తనతోపాటు ఒక ఆడకూలిని కూడ ఆసామికి ఒప్పగింపవలెను. భార్యయో కూతురో అందుకు కుదరనియెడల పరాయి పిల్లను సంతలో కుదుర్చుకొని తన ఒంటిగది ఇంటిలోనే తిండి పెట్టి పడుకబెట్టవలెను. ఆమెను ‘బాండేజరు’ అనుచుండిరి. జనాభా పట్టికలో ఆమె ఆ దున్నువానికి ‘పనిమనిషి’గా కనబడును. తెలియనివాడు చదివిన, ఓహో, ఈ కూలివానికి పనిమనిషి కూడ ఉండెనే అని ఆశ్చర్యపడును! ఆమె పని చేసినది ఆసామి చేలో. ఆమె భారము పడినది బీదవాని ఇంటి మీద. పుస్తకములో మాట తప్పు కాదు, అయినను ఎంత మోసపుచ్చినదో చూడుడు.

ముసలితనము వచ్చెనా, వృత్తి గడిలో మాట మారును. చేతులు గట్టిగా ఉన్నంతకాలము ‘దున్నువాడు’. కీళ్లు పట్టుకొనిన తరువాత ‘పూర్వము పొలపు కూలి, ఇప్పుడు దరిద్రుడు’. 1845 నాటి బీదల చట్టము క్రింద పారిషు సొమ్ముతో బ్రతుకువానికి ప్రభుత్వము పెట్టిన పేరది. నలువది యేండ్లు ఇతరులకు అన్నము పండించినవానికి తుదకు మిగిలిన బిరుదు.

ఇప్పుడు నేను చెప్పవలెనని మొదటినుండి తలంచిన సంగతికి వచ్చితిని. ఈ సంగతి చెప్పుటకు భక్తిపత్రికలు సాధారణముగా జంకును. కాని మన సంఘములలోను ఇట్టి బిడ్డలు లేకపోలేదు గనుక చెప్పవలసియే ఉన్నది.

పెండ్లియైన పనివానికి ఇల్లు కట్టి ఇచ్చుట ఆసామికి ఖర్చు. పెండ్లికానివానికి కొట్టము ప్రక్కన ఒక గది చాలును. ఆంగస్సు ప్రాంతములో దానిని ‘బాతీ’ అందురు. నలుగురైదుగురు పడుచువాండ్రు అందులోనే వండుకొని తిని పడుకొనవలెను. ఈశాన్యమున వారికి తిండి ఆసామి వంటయింటిలో, పడక గుర్రపుసాల పైన. ఆ వంటయింటిలో పనిచేయునది పదునెనిమిదేండ్ల పల్లెపిల్ల. వారికిని ఆమెకును ఆరునెలల గడువు. తల్లిదండ్రులు పది మైళ్ల దూరమున. పెండ్లి చేసికొందమన్న ఇల్లు లేదు. ఆంగస్సులోని ఓత్లా పారిషు కాపరి హ్యారీ స్టూఅర్టుగారు 1853లోనే ఒక పుస్తకము వ్రాసి, పొలపు పనివారి ఈ దుస్థితికి ఆసాములను నిలదీసెను. వినినవారు కొందరే.

1855లో జననముల రిజిష్టరు మొదలుపెట్టి లెక్క తీయగా దేశము తలదించుకొనెను. ఆ కాలమున స్కాట్లండులో పుట్టిన బిడ్డలలో సుమారు పదింట ఒకరు పెండ్లికాని తల్లికి పుట్టినవారు. ఈశాన్యమున బాన్ఫ్ సీమలో ఇంచుమించు ఆరింట ఒకరు. దేవాలయము నిండినట్టియు, విశ్రాంతిదినాచారము గట్టిగా పాటించినట్టియు సీమలు అవి! నగరములలోని మురికి సందులకంటె పచ్చని పొలములే ఈ లెక్కలో ముందుండెను. ప్రసంగపీఠములు గర్జించెను. సంఘపు పెద్దలు ఆడపిల్లను సభకు పిలిపించి విచారించి మందలించుట, ఆమె పశ్చాత్తాపము ఒప్పుకొనువరకు బిడ్డకు బాప్తిస్మము నిలిపివేయుట ఎన్నియో పారిషులలో జరుగుచుండెను. ఆ పెద్దల సభ పుస్తకములు నేడు చదువుచుండ మనస్సు బరువెక్కును. తల్లి పేరు, తండ్రి యని ఆమె చెప్పిన పేరు, రాత్రి, తావు, సాక్షులు, సమస్తము వ్రాసిరి. అదే పెద్దలలో కొందరు ఆ పనివారికి ఇల్లు కట్టియ్యని ఆసాములు. ఆ సంగతి ఆ పుస్తకములలో ఎవరును వ్రాయలేదు. పాపమును పాపము కాదనుటకు నేను కలము పట్టలేదు. కాని ఒక గడి నింపి మరియొక గడిని ఖాళీగా విడిచిన లెక్క న్యాయమైన లెక్క కాదు.

రిజిష్టరులో అట్టి బిడ్డ పేరు క్రింద ‘అక్రమ సంతానము’ అను మాటను గుమాస్తా వ్రాయుచుండెను. తండ్రి స్వయముగా వచ్చి సంతకము చేయనియెడల అతని గడి ఖాళీ. ఆ కాగితము ఆ బిడ్డ బ్రతికినంతకాలము వాని వెంట నడచును.

అదే బిడ్డను జనాభా పుస్తకములో వెదకుడు. తల్లి మరల పనికి కుదురుకొని ఎక్కడనో ఒక ఆసామి వంటయింటిలో ‘పనిమనిషి’గా ఉండును. బిడ్డ అమ్మమ్మ తాతల ఇంట ఉండును. ఇంటి యజమాని: తాత, లేక విధవరాలైన అమ్మమ్మ. ఆ యజమానికి ఈ బిడ్డ ఏమగును? లెక్కదారుడు అడిగిన ప్రశ్న అంతే. తల్లికి పెండ్లియైనదా, తండ్రి ఎవడు అని ఆ పట్టిక అడుగదు. అందుచేత ఆ గడిలో వ్రాసిన మాట: ‘మనుమడు’.

ఎన్ని వేల ఇండ్లలో ఈ మాట వ్రాసిరో! పండితులు ఈ పుస్తకములలో కుటుంబములను వెదకునప్పుడు, ముసలివారి ఇంట తలిదండ్రులు లేక ఒంటరిగా ఉన్న ‘మనుమడు’ కనబడగానే జననముల రిజిష్టరు తెరచి చూతురు. పలుమార్లు అచ్చట రెండవ మాట ఉండును. ఒకే ప్రభుత్వము, ఒకే రాణిగారి గుమాస్తాలు. ఒక పుస్తకములో నింద, మరియొక పుస్తకములో చుట్టరికము. రెండును సత్యములే. మొదటిది ఆ బిడ్డ ఎట్లు వచ్చెనో చెప్పినది. రెండవది వానిని ఎవరు చేరదీసిరో చెప్పినది.

లోకమెరిగిన ఒక ఉదాహరణము చెప్పెదను. ఈశాన్య తీరమున మోరేషైరులో లాసీమౌత్ అను ఊరున్నది. 1866 అక్టోబరు 12న అచ్చట గ్రెగరీ ప్లేసులో, రెండే గదులున్న గడ్డికప్పు ఇంట, ఆన్ రామ్సే అను పొలపు పనిపిల్లకు ఒక కుమారుడు పుట్టెను. తండ్రి జాన్ మెక్‌డోనాల్డు గుర్రపు నాగలి దున్ను పాలేరు. ఇద్దరును ఒకే పొలములో పనిచేసినవారు. పెండ్లి జరుగలేదు. రిజిష్టరులో బిడ్డ పేరును ‘జేమ్సు మెక్‌డోనాల్డు రామ్సే’ అని వ్రాసిరి. ఇల్లు అమ్మమ్మ ఇసబెల్లాది. మగదిక్కు లేని ఇల్లు. ఆమె తన కూతురిని వెళ్లగొట్టలేదు, మనుమని అనాథల పాలు చేయలేదు. ఆ రెండు గదులలోనే పెంచెను. వాడు ఫ్రీ చర్చివారి బడిలోను, పిదప డ్రెయినీ పారిషు బడిలోను చదివెను. బడి విడిచి కొన్నాళ్లు పొలములో కూలికి పోయెను. పంతులుగారు వాని తెలివి చూచి 1881లో మరల పిలిపించి ఉపోపాధ్యాయునిగా పెట్టుకొనెను.

ఆ మనుమడు రామ్సే మెక్‌డోనాల్డు. 1924లో బ్రిటను దేశమునకు లేబరు పక్షపు మొదటి ప్రధానమంత్రి. మన పెద్దలు ఈ పేరును బాగుగా ఎరుగుదురు. 1932 ఆగస్టులో హరిజనులకును, భారత క్రైస్తవులకును, ఇతరులకును ప్రత్యేక నియోజకవర్గములు నిర్ణయించిన ఆ తీర్పు ఈయనదే. దాని మీదనే గాంధీగారు యెరవాడ చెరసాలలో నిరాహారదీక్ష పూనిరి. ఆ తీర్పు మంచిచెడ్డలు ఇచ్చట మన విచారణ కాదు.

మన విచారణ 1915 నాటి సంగతి. మొదటి ప్రపంచయుద్ధమును ఎదిరించినందుకు మెక్‌డోనాల్డు మీద దేశమంతయు కోపించియుండెను. హొరేషియో బాటమ్లీ అను పత్రికాధిపతి ‘జాన్ బుల్’ అను తన పత్రికలో ఆయన జనన పత్రమును, గుమాస్తా వ్రాసిన ఆ మాటతో సహా, బొమ్మకట్టి అచ్చువేసెను. తన పేరు రామ్సే యను ఇంటిపేరుతో నమోదైనదని అప్పటివరకు మెక్‌డోనాల్డే ఎరుగడు. నలువదియెనిమిదేండ్ల వయస్సున, పార్లమెంటు సభ్యుడై, పిల్లల తండ్రియై, ఆ కాగితమును అందరితోపాటు తానును చదివెను. ఆ దినమున తాను పడిన వేదనను దినచర్యలో వ్రాసికొనెను. తల్లి అంతకు అయిదేండ్ల ముందే, 1910లో మరణించియుండెను. ఆమె బ్రతికి దీనిని చూడలేదు గదా యని ఆయన ఊరట పొందెనట. మరుసటి యేడు ఆయన స్వంత ఊరిలోని గాల్ఫు సంఘమువారు ఓట్లు వేసి ఆయనను సభ్యత్వమునుండి తొలగించిరి. యుద్ధమును ఎదిరించుటయే అందుకు కారణముగా చెప్పిరి. దేశభక్తి పేర ఇంత చేసిన బాటమ్లీ 1922లో ప్రజల సొమ్ము కాజేసినందుకు చెరసాలకు పోయెను. ఇది పాఠము కాదు. జరిగిన సంగతి.

బాటమ్లీ అచ్చువేసినది అబద్ధమా? కాదు. రిజిష్టరులో ఉన్న మాటనే వేసెను. కాని ఒక మనుష్యుని గూర్చి ప్రభుత్వమునొద్ద ఉన్న కాగితములలో ఏది తీసి చూపవలెనో ఏరుకొనుట కూడ మనుష్యుని హృదయమును బయటపెట్టును. చదువరీ, సంఘములో ఒక కుటుంబమును గూర్చి మాట వచ్చినప్పుడు మన నోట మొదట వెలువడునది ఏ పుస్తకములోని మాట? ఈ ప్రశ్న నీకంటె ముందు నన్ను నేను అడుగుకొనుచున్నాను. ఒక పిల్లను బాప్తిస్మమునకు తెచ్చినప్పుడు రిజిష్టరులో తండ్రి గడి ఖాళీగా ఉన్నదని గుసగుసలాడిన సంఘములను నేను ఎరుగుదును. ఆ పిల్లను ఎత్తుకొని ముందు వరుసలో నిలిచిన అమ్మమ్మను గూర్చి మాటలాడినవారు తక్కువ.

మత్తయి సుంకపు మెట్టు దగ్గర కూర్చుండి పట్టికలు వ్రాసిన మనిషి. గడి నింపుట ఎట్లో అతనికి తెలిసినంతగా ఏ అపొస్తలునికిని తెలియదు. తన సువార్త మొదటి పుటలోనే ప్రభువు వంశావళిని పట్టికగా వ్రాసెను. అట్టి పట్టికలలో ఆడవారి పేరులు అరుదు. అతడు మరియ కంటె ముందు నలుగురిని చేర్చెను. మామవలన కుమారులను కనిన తామారు. యెరికో వేశ్య రాహాబు. ఇతరుల పొలములో పరిగె ఏరుకొని అత్తను పోషించిన మోయాబు కూలిపిల్ల రూతు. నాలుగవ ఆమె ఊరియా భార్య. ఆమెను భర్త పేరు చెప్పియే వ్రాసెను, దావీదు చేసిన పని మరుగుపడకుండునట్లు. గౌరవముగల అమ్మమ్మలు శారా, రిబ్కాలు ఉండగా వారిని విడిచి వీరినే ఎందుకు వ్రాసెను? వ్యాఖ్యాతలు ఎన్నియో చెప్పుదురు. సుంకపు గుమాస్తా అయిన అతనికి ఏ గడిని జనులు దాచుదురో తెలియును గనుక ఆ గడినే వెలుతురులో పెట్టెనని నాకు తోచును. మరియ బిడ్డను గూర్చియు నజరేతు ఊరివారు ఏమనుకొని ఉందురో ఊహించుట కష్టము కాదు. యోసేపు ఆమెను తన ఇంట చేర్చుకొనెను, బిడ్డకు తానే పేరు పెట్టెను. ఆ ఊరి పట్టికలో ఆ బిడ్డ యోసేపు కుమారుడే.

స్కాట్లండు పత్రశాలలో ఆ జనాభా పుస్తకములు నూరేండ్లు మూసియుంచి పిదప తెరచుట ఆచారము. 1921 లెక్క పుస్తకములు 2022లో తెరచిరి. దూరదేశములకు వలసపోయిన దున్నువారి మునిమనుమలు కెనడా, ఆస్ట్రేలియాల నుండి తమవారిని వెదకుచు ఆ పుటలు తిరుగవేయుచున్నారు. చాలమంది ఒక రాజవంశమునో వీరునో చూడగోరి మొదలుపెట్టుదురు. తుదకు దొరకునది ఒక గది, ఒక కిటికీ, ఒక దున్నువాడు, ఆరుగురు బిడ్డలు, ఒక ‘మనుమడు’.

మెక్‌డోనాల్డు 1937 నవంబరులో సముద్రప్రయాణములో ఉండగా ఓడ మీదనే మరణించెను. లండనులో వెస్టుమినిస్టరు దేవాలయమున ఆరాధన జరిగిన తరువాత ఆయన అస్థులను లాసీమౌత్‌కు సమీపముననున్న స్పైనీ శ్మశానవాటికకు తెచ్చి, భార్య సమాధి ప్రక్కనే పాతిపెట్టిరి. చుట్టును దున్నిన పొలములు. అమ్మమ్మ పెంచిన ఆ రెండు గదుల ఇల్లు అచ్చటికి కొలది మైళ్లలోనే ఉన్నది.